చిన్న ఏటీవీ నిర్వహణ, మరమ్మతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు ఏ బండికి వర్తిస్తాయి?

హైదరాబాదు చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లలోను, వికారాబాద్ వైపు రిసార్టులలోను, సముద్రతీరపు ఇసుకలోను తిరిగే 110 సీసీ, 125 సీసీ చైనా తయారీ ఏటీవీలను, అంటే రోడ్డు లేని చోట కూడా నడిచే నాలుగు చక్రాల బండ్లను, దృష్టిలో పెట్టుకొని ఇవి రాశాను. గాలితో చల్లబడే ఒకే సిలిండరు, కార్బురేటరు, ఆటోమేటిక్ క్లచ్, వెనక చక్రాలకు చైను, ముందుకు ఒక గేరు, న్యూట్రల్, రివర్స్ అనేవి వీటి సాధారణ స్వరూపం. ఫ్యూయల్ ఇంజెక్షన్, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న పెద్ద ఏటీవీల మరమ్మతు వేరే విద్య కనుక దాని జోలికి పోలేదు. మీ బండితో మాన్యువల్ వచ్చి ఉంటే అందులోని కొలతలనే పాటించండి. రాలేదంటే ఆశ్చర్యపోనక్కరలేదు, చాలామందికి రాదు.

మా ఊరి బైక్ మెకానిక్ దీన్ని బాగు చేయగలడా?

చేయగలడు, కాస్త ధైర్యం చెబితే. బండి ఆకారం చూసి వెనకాడే మెకానిక్‌కు సీటు కింది ప్లాస్టిక్ విప్పి ఇంజను చూపించండి. 1958లో సూపర్ కబ్‌తో హోండా మొదలుపెట్టిన, సిలిండరు దాదాపు అడ్డంగా పడుకొని ఉండే ఇంజన్ల సంప్రదాయమే ఇది. మన ఊళ్లలో దశాబ్దాలుగా తిరుగుతున్న సీడీ 100, స్ప్లెండర్ ఇంజన్లు కూడా ఆ వంశానివే. స్ప్లెండర్ సిలిండరు వ్యాసం 50 మి.మీ., పిస్టను నడక 49.5 మి.మీ. కాగా, సాధారణ 110 సీసీ ఏటీవీలో వ్యాసం 52.4 మి.మీ., నడక అదే 49.5. అంతమాత్రాన ఒకదాని పార్టులు మరొకదానికి సరిపోతాయని అనుకోకూడదు. కలిసేది పద్ధతి: టాపెట్ (వాల్వు దగ్గరి ఖాళీ) సెట్ చేయడం, కార్బురేటరు కడగడం, హెడ్ విప్పడం తెలిసిన చేతికి ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసినవి వెనక యాక్సిలు, ముందు స్టీరింగు మాత్రమే.

పార్టు కొనడానికి వెళ్లేటప్పుడు బండి పేరు చెబితే లాభం ఉండదు, ఎందుకంటే ఒకే బండిని పది స్టిక్కర్లతో పది పేర్లకు అమ్ముతారు. ఇంజను కేసు మీద పోత పోసిన అంకె చూడండి. 152ఎఫ్‌ఎంహెచ్ అని ఉంటే 110 తరగతి, 154ఎఫ్‌ఎంఐ అని ఉంటే 125 తరగతి. మొదటి 1 సిలిండర్ల సంఖ్యను, తరువాతి రెండంకెలు సిలిండరు వ్యాసాన్ని చెబుతాయి. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి పాత పార్టును చేతిలో పట్టుకొని వెళ్లడం.

సర్వీసు ఎన్ని కిలోమీటర్లకు చేయించాలి?

ఈ బండికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. తోటలో నాలుగు కిలోమీటర్లు తిరగడానికి గంట పట్టవచ్చు. ఆ గంటంతా ఇంజను తక్కువ వేగంలో, ఎక్కువ బరువుతో, తన దుమ్ము తానే పీల్చుకుంటూ పనిచేస్తుంది. అందుకే సర్వీసును గంటలలో లెక్కించాలి. చిన్న అవర్ మీటరు దొరికితే బిగించుకోండి, లేదంటే షెడ్డు గోడ మీద క్యాలెండరులో రాసుకున్నా సరిపోతుంది.

ఇంజనాయిలు మాత్రం మనం అనుకునేదానికంటే ముందుగా మార్చాలి. కొత్త బండి మొదటి కొద్ది గంటలలోనే అరిగిన లోహపు పొడి ఆయిలులోకి దిగుతుంది కనుక మొదటి మార్పు అయిదు గంటల లోపు, ఆ తరువాత ప్రతి 20, 25 గంటలకు ఒకసారి చేయడం నా అలవాటు. ఇంత తరచుగా ఎందుకంటే, ఈ ఇంజన్లలో చాలావాటికి కాగితపు ఆయిల్ ఫిల్టరు ఉండదు. ఒక వైరు జల్లెడ మాత్రమే ఉంటుంది, అది పెద్ద ముక్కలను ఆపుతుంది గానీ సన్నని పొడిని ఆపలేదు. పైగా అందులో పట్టేది లీటరు కంటే తక్కువ ఆయిలు, క్లచ్ కూడా అదే ఆయిలులో మునిగి తిరుగుతుంది. కాబట్టి కారు ఆయిలు పోయకూడదు. జేఏఎస్‌ఓ ఎంఏ (ఆయిలులో మునిగే క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే జపాను ప్రమాణం) అని రాసి ఉన్న నాలుగు స్ట్రోకుల బైకు ఆయిలే వాడాలి. మన ఎండలకు 20డబ్ల్యూ-40 గానీ 10డబ్ల్యూ-40 గానీ సరిపోతుంది. ఇంజనును రెండు మూడు నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆపి, కింది బోల్టు విప్పి పూర్తిగా కారనివ్వాలి. తిరిగి బిగించేటప్పుడు బలం చూపించవద్దు: కేసు అల్యూమినియం, మర ఒకసారి పాడైతే ఆయిలు మార్పుతో పోయేది కాస్తా వెల్డింగు దాకా వెళుతుంది.

ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులోకి వచ్చింది. ఇంజను పాడైనట్టేనా?

పాడైనట్టు కాదు, నీళ్లు చేరినట్టు. ఈ ఇంజనులో రేడియేటరు, కూలెంటు లేవు కనుక ఆ నీళ్లు బయటినుంచే రావాలి: వాగు దాటినప్పుడు శ్వాస గొట్టం గుండా, ఆయిలు కొలిచే పుల్ల దగ్గరి అరిగిన రబ్బరు రింగు గుండా, లేదా నీళ్ల పైపును నేరుగా ఇంజను మీదికి తిప్పినందువల్ల. ఆ ఆయిలుతో మాత్రం బండి నడపవద్దు. మార్చి, అయిదు నిమిషాలు నడిపి, మళ్లీ మార్చాలి; రెండోసారి కూడా రంగు తేడాగా ఉంటే మూడోసారి తప్పదు. ఎయిర్ ఫిల్టరు పెట్టె అడుగున నీళ్లు కనిపిస్తే సిలిండరులోకి కూడా వెళ్లి ఉండవచ్చు. అప్పుడు సెల్ఫ్ నొక్కకుండా ముందు స్పార్క్ ప్లగ్ విప్పి, ఇంజనును మెల్లగా తిప్పి, ఆ నీళ్లను బయటకు రానివ్వాలి. నీళ్లు నొక్కుడు పడవు. బలవంతంగా తిప్పితే వంగేది కనెక్టింగ్ రాడ్డు.

ఎయిర్ ఫిల్టరును పెట్రోలుతో కడగవచ్చా?

వద్దు. స్పాంజి ఫిల్టరు అతుకులను పెట్రోలు కరిగిస్తుంది, నిప్పు ప్రమాదం సరేసరి. గోరువెచ్చని సబ్బునీళ్లలో పిసికి, పిండకుండా అదిమి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, తరువాత ఫిల్టరు ఆయిలు పట్టించి, ఎక్కువైనది అదిమి తీసేయాలి. ఆయిలు లేని పొడి స్పాంజి మన ఎర్రమట్టి దుమ్మును ఆపలేదు. ఇది అందరూ దాటవేసే మెట్టు, పిస్టను రింగులు తొందరగా అరగడానికి మొదటి కారణం కూడా ఇదే. రిసార్టులో రోజంతా వరుసగా తిరిగే బండికి ఈ పని వారానికొకటి కాదు, రోజుకొకటి.

బండి అసలు స్టార్టు కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పార్టులు కొనడంతో మొదలుపెట్టకూడదు. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను: మా తోటలోని బండికి ఒకసారి సీడీఐ (ప్లగ్‌కు స్పార్కు పంపే చిన్న పెట్టె) మార్చి, కార్బురేటరు మార్చిన తరువాత, వెనక వేలాడే తాడు స్విచ్ తీగను ఎలుక కొరికిందని తేలింది.

ఈ బండ్లలో ఇంజనును ఆపే స్విచ్‌లు చాలా ఉంటాయి: తాళం, హ్యాండిల్ మీద ఎర్ర బొత్తాము, పిల్లవాడు తూలిపడితే లాగడానికి వెనక తాడు, కొన్నిటికి రిమోటు. ముందుగా అవన్నీ నడిచే స్థితిలో ఉన్నాయో లేదో చూడండి. ఆపైన సెల్ఫ్ పనిచేయాలంటే చాలా మోడళ్లలో బ్రేకు లివరు నొక్కి పట్టుకోవాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. సెల్ఫ్ నొక్కితే చప్పుడే లేకపోతే ఫ్యూజు, బ్రేకు స్విచ్. టక్ మని ఒక్క శబ్దం వచ్చి ఆగిపోతే బ్యాటరీ గానీ దాని బిగింపులు గానీ. మోటారు గిరగిరా తిరిగి ఇంజను తిరగకపోతే స్టార్టరు క్లచ్ అనుకోవచ్చు.

ఇంజను తిరుగుతున్నా అంటుకోకపోతే ప్లగ్ విప్పి, దాని టోపీ తగిలించి, ప్లగ్ లోహాన్ని ఇంజనుకు ఆనించి, పెట్రోలుకు దూరంగా పెట్టి స్పార్కు చూడండి. నీలిరంగులో టపటపలాడే స్పార్కు ఉంటే కరెంటు వైపు వదిలేసి పెట్రోలు వైపు వెళ్లండి. స్పార్కు లేకపోతే కొత్త ప్లగ్‌తో మళ్లీ చూసి, అప్పటికీ లేకపోతే సీడీఐ దగ్గర ఆపు తీగను విడదీయండి. తరచుగా అది నలుపు మీద తెల్ల గీత ఉన్న తీగ. ఈ రకం సీడీఐలో ఆ తీగ బాడీకి తగిలితే ఇంజను ఆగుతుంది, కాబట్టి విడదీయగానే స్పార్కు వస్తే సీడీఐ మంచిదే, లోపం ఏదో ఒక స్విచ్‌లో గానీ కొరికిన తీగలో గానీ ఉంది. ఆ స్థితిలో ఇంజను అంటుకుంటే ఏ స్విచ్‌తోనూ ఆగదు, చోక్ మూసి ఆపాలి. పరీక్ష కాగానే తీగను తిరిగి తగిలించడం తప్పనిసరి. ఆపు స్విచ్‌లు లేని బండిని ఎవరికీ ఇవ్వకూడదు, పిల్లలకు అసలే ఇవ్వకూడదు.

ప్లగ్ సాధారణంగా ఎన్‌జీకే సి7హెచ్‌ఎస్‌ఏ రకం, ఖాళీ 0.6 నుంచి 0.7 మి.మీ. మర 10 మి.మీ. మాత్రమే కనుక చేత్తో చివరిదాకా తిప్పి, చివర్లో మాత్రమే పానా వాడండి.

వర్షాకాలమంతా షెడ్డులో ఉంచితే ఇప్పుడు చోక్ వేస్తేనే నడుస్తోంది. ఎందుకు?

కార్బురేటరులోని చిన్న జెట్టు (పెట్రోలు వచ్చే రంధ్రమున్న ఇత్తడి ముక్క) మూసుకుపోయింది. కదలకుండా ఉన్న పెట్రోలు ఆవిరైపోగా మిగిలిన జిగురు, వెంట్రుకంత సన్నని ఆ రంధ్రాన్ని ముందుగా పట్టుకుంటుంది. చోక్ వేస్తే గాలి తగ్గి పెట్రోలు నిష్పత్తి పెరుగుతుంది కాబట్టి ఇంజను ఎలాగో నడుస్తుంది, అంటే చోక్ ఇక్కడ లోపాన్ని కప్పిపుచ్చుతోంది.

కార్బురేటరు అడుగునున్న గిన్నె విప్పి, రెండు జెట్లను తీసి, క్లీనరు కొట్టి, వెలుతురుకు ఎత్తి చూడండి. గుండ్రంగా కాంతి కనిపించాలి. గుచ్చవలసి వస్తే విద్యుత్ తీగలోని సన్నని రాగి పోగుతో గుచ్చాలి, సూదితో కాదు, ఎందుకంటే ఇత్తడి రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు ఇక పనికిరాదు. పక్కనున్న గాలి స్క్రూ తీసేముందు, అది పూర్తిగా లోపలికి వెళ్లడానికి ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి రాసుకోండి. అంతా కడిగాక కూడా ఐడిలింగు (యాక్సిలరేటరు నొక్కనప్పటి ఇంజను వేగం) ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఉంటే, కార్బురేటరుకు ఇంజనుకు మధ్యనున్న రబ్బరు పగిలి గాలి లాగుతోందేమో చూడాలి. ఆ చోట కొద్దిగా నీళ్లు చిలకరించినప్పుడు ఇంజను శబ్దం మారితే దొంగ దొరికినట్టే.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, అదే జెట్టుతో మిశ్రమాన్ని కొంచెం పలచబరుస్తుంది. అందువల్ల మూడు వారాలకు మించి బండి తీయరనుకుంటే పెట్రోలు కాక్ మూసి, గిన్నె అడుగునున్న స్క్రూ వదులు చేసి అందులోని పెట్రోలును ఖాళీ చేయడం అవసరం. రెండు నిమిషాల పని.

టాపెట్లు ఎప్పుడు, ఎంతకు పెట్టాలి?

ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, రెండు వాల్వులకూ 0.05 మి.మీ. శబ్దం వస్తేనే పెట్టించాలన్నది సగం నిజం. వాల్వు తన పీటలో అరుగుతున్నకొద్దీ ఖాళీ పెరగదు, తగ్గుతుంది. ఖాళీ లేని వాల్వు పూర్తిగా మూసుకోదు, శబ్దం చేయదు, కంప్రెషను పోయి చల్లని ఉదయం స్టార్టు కాదు. నిశ్శబ్దంగా ఉందని సంతోషించిన ఇంజనే వాల్వు కాల్చుకుంటుంది.

ఎడమవైపు మూత తీసి, ఫ్లైవీలు మీది టి గుర్తును కేసు మీది గీతకు కలపాలి. అదే సమయంలో హెడ్ పక్కనున్న గుండ్రని మూత కింద, క్యామ్ పళ్లచక్రం మీది గుర్తు కూడా హెడ్ మీది గాడికి ఎదురుగా ఉండాలి. లేకపోతే ఇంకొక చుట్టు తిప్పాలి. రెండు వాల్వులూ కొద్దిగా ఆడుతూ ఉంటే సరైన చోటే ఉన్నట్టు. ఖాళీని కొలిచే ఫీలర్ గేజ్ రేకు కొద్దిపాటి పట్టుతో జారాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ దానితోపాటు తిరుగుతుంది కనుక, బిగించిన తరువాత మళ్లీ కొలవనిదే మూత వేయకూడదు.

గేరు వేస్తే ధడేల్ మంటోంది, రివర్స్ పడటం లేదు. గేర్‌బాక్సు విప్పాలా?

ముందు ఐడిలింగు తగ్గించండి. ఆటోమేటిక్ క్లచ్ ఇంజను వేగం పెరిగితే దానంతట అదే పట్టుకుంటుంది. ఐడిలింగు ఎక్కువగా పెట్టిన బండిలో అది ఎప్పుడూ సగం పట్టే ఉంటుంది, అందుకే గేరు మొత్తుకుంటుంది. నిమిషానికి 1,400 నుంచి 1,600 చుట్ల మధ్య ఉంచి, బండి పూర్తిగా ఆగాక, బ్రేకు పట్టి మార్చి చూడండి. గేర్‌బాక్సు లోపంగా నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదులలో ఎక్కువ భాగం ఈ ఒక్క స్క్రూతో తీరాయి. తీరకపోతే గేరు రాడ్డు వంగిందేమో, దాని పిన్ను వదులైందేమో చూడండి.

టైర్లలో గాలి ఎంత ఉండాలి? పంక్చరు షాపులో పట్టించవచ్చా?

టైరు పక్కన అచ్చు వేసిన అంకెను చూడండి. చాలా చిన్న ఏటీవీలకు అది 3 నుంచి 7 పీఎస్‌ఐ మధ్యనే ఉంటుంది. బైకుకు 30 పెట్టే చేతికి ఇది నమ్మశక్యం కాదు, పొరపాటు జరిగేది అక్కడే. 1970లో హోండా తెచ్చిన మొదటి మూడు చక్రాల ఏటీవీకి స్ప్రింగులే లేవు. బెలూనులాంటి టైర్లే దాని సస్పెన్షను. ఈనాటి చిన్న బండ్లకు షాకులు ఉన్నా, మెత్తదనంలో సగం టైరుదే. ఎక్కువ గాలి పెడితే బండి గంతులు వేస్తుంది, ఇసుకలో దిగబడుతుంది, ఆ అదురు అంతా బాల్ జాయింట్ల మీద పడుతుంది.

పంక్చరు షాపు గేజిలో 5 అనే అంకె కనిపించదు కనుక తక్కువ ఒత్తిడి కొలిచే గేజి కొనండి. కంప్రెసరుతో పట్టించాక చల్లగా ఉన్నప్పుడు ఈ గేజితో తగ్గించుకోవాలి. టైరు అంచు రిమ్ముకు కూర్చోవడం లేదని సబ్బునీళ్లు రాయకుండా గాలి పెంచుతూ పోవడం ప్రమాదకరం.

వెనక రెండు చక్రాలూ ఒకే ఇనుప యాక్సిలుకు బిగించి ఉంటాయి, మధ్య డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లేదు. కాబట్టి ఒక టైరు కొంచెం పెద్దదైనా బండి రెండోవైపుకు లాగుతుంది. టైలరు టేపుతో రెండు వెనక టైర్ల చుట్టుకొలత కొలిచి, తేడా వస్తే గాలితో సమానం చేయండి. స్టీరింగు లాగుతోందని వచ్చిన బండికి ముందు చక్రాలు చూసేముందు చేయవలసిన పరీక్ష ఇది. ఇదే కారణంగా సిమెంటు, తారు మీద గట్టిగా తిప్పితే యాక్సిలు బేరింగులు, చైను తొందరగా పోతాయి.

చైను ఎంత వదులుగా ఉండాలి?

మనిషి కూర్చున్నప్పుడు, మధ్యలో పైకీ కిందికీ కలిపి సుమారు 20 నుంచి 25 మి.మీ. ఆడాలి. బిగువుగా ఉన్న చైను బేరింగును తింటుంది, వదులు చైను ఇంజను కేసును పగలగొడుతుంది. యాక్సిలు పట్టుకునే బోల్టులు వదులు చేయకుండా సర్దుబాటు స్క్రూను తిప్పవద్దు. క్లిప్పు ఉన్న చైనుకు క్లిప్పు మూసి ఉన్న వైపు ప్రయాణ దిశలో ఉండాలి. పళ్లు వంకీల్లా మారితే చైను, రెండు పళ్లచక్రాలు కలిపే మార్చాలి. ఒక్క చైను మార్చినవారు మూడు నెలల్లో మళ్లీ మార్చారు.

హ్యాండిల్ వణుకుతోంది. ఏది అరిగింది?

ముందు భాగాన్ని దిమ్మ మీద ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఆడితే బేరింగు గానీ కింగ్ పిన్ను లేదా బాల్ జాయింటు గానీ. కుడీ ఎడమా పట్టి ఊపినప్పుడు ఆడితే టై రాడ్డు (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) చివర. కొత్తవి వేశాక రెండు ముందు టైర్ల మధ్య దూరాన్ని ఇరుసు ఎత్తులో ముందువైపు, వెనకవైపు కొలవండి. ముందువైపు కొలత సమానంగా గానీ కొద్ది మిల్లీమీటర్లు తక్కువగా గానీ ఉండాలి. టై రాడ్డుకు ఒక చివర ఎడమ మర ఉంటుంది కనుక లాక్ నట్లు వదిలి రాడ్డును తిప్పితే చాలు. హబ్ నట్టుకు వేసిన పిన్నును మళ్లీ వాడవద్దు.

బ్రేకు లివరు మెత్తగా అయింది.

గొట్టంలో గాలి చేరింది. మూత మీద రాసిన ద్రవమే, అంటే చాలావాటికి డాట్ 4, కొత్త సీసా విప్పి పోసి, కాలిపరు (డిస్కును పట్టే భాగం) మీది నిపిలు దగ్గర గాలి తీయాలి. ఈ ద్రవం రంగును, ప్లాస్టిక్కును తింటుంది. పడిన వెంటనే నీళ్లతో కడగండి. వెనక డిస్కు వేడెక్కి బ్రేకు మెత్తబడితే మాత్రం పార్కింగు లాక్ వదలకుండా నడిపారేమో అడగండి. చాలాసార్లు అదే.

బ్యాటరీ ప్రతి సంవత్సరం పోతోంది. నాసిరకమా?

కావచ్చు, కానీ వాడకపోవడం వల్ల పోయినవే ఎక్కువ. వీటిలో ఉండేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ, 4 నుంచి 5 ఆంపియర్ గంటలు. ఫామ్‌హౌస్‌కు నెలకొకసారి వచ్చేవారి చేతిలో అది నిలబడలేదు. కదలకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టులకు తగ్గితే అర ఆంపియరు చార్జరుతో నింపండి. కారు చార్జరు దాన్ని ఉడికిస్తుంది. ఇంజను కాస్త వేగంగా నడుస్తున్నప్పుడు కొలత 13.5 నుంచి 14.5 మధ్య రావాలి, అంతకంటే ఎక్కువైతే రెగ్యులేటరు పోయినట్టు. షెడ్డులో పెట్టేముందు నెగటివ్ తీగ విప్పి, సైలెన్సరు మూతికి గుడ్డ కట్టండి, లేకపోతే కందిరీగలు మట్టి గూడు కడతాయి. మళ్లీ స్టార్టు చేసేముందు ఆ గుడ్డ తీయడం మరచిపోయినవారిలో నేనూ ఉన్నాను.

పిల్లలకు ఇవ్వవచ్చా? వేగం తగ్గించే మార్గం ఉందా?

బొటనవేలి యాక్సిలరేటరు పెట్టె మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. లోపలికి తిప్పితే యాక్సిలరేటరు కొంతవరకే కదులుతుంది. వేగం తగ్గుతుంది గానీ బండి బరువు తగ్గదు, తిరగబడినప్పుడు పిల్లవాడి మీద పడేది ఆ బరువే. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 16 ఏళ్లలోపువారు ఏటీవీ నడపకూడదనే చెబుతుంది. ఒక్కరి సీటు మీద ఇద్దరిని ఎక్కించవద్దు, హెల్మెట్ లేకుండా తోటలో కూడా ఇవ్వవద్దు.

ఊళ్లోకి రోడ్డు మీద తీసుకువెళ్లవచ్చా?

రిజిస్ట్రేషను లేని బండిని బహిరంగ స్థలంలో నడపడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు, ఈ చిన్న బండ్లకు ఆ రిజిస్ట్రేషను ఉండదు. మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాలంటే ట్రాలీ ఆటోలో ఎక్కించి, నాలుగు మూలలా తాళ్లు బిగించి, పెట్రోలు కాక్ మూసి తీసుకువెళ్లండి.